ఫొటో నల్లగా ఎందుకొచ్చింది?

కిందటేడు ఒకరోజు బడి వదిలాక తొమ్మిదో తరగతి కుర్రాడొకడు సైన్సు గది బయట నా కోసం నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో ఫోను, రెండో చేతిలో ఫొటో కవరు. వాడిది వజ్రపుకొత్తూరు వైపు ఊరు. వారం కిందటే వాళ్ళ నాన్న పోయాడు, మూత్రపిండాల జబ్బుతో. ఉద్దానం పిల్లలకు ఆ జబ్బు సంగతి నేను చెప్పనక్కరలేదు. పెద్దకర్మ నాటికి పటం కట్టించాలి. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మంచి ఫొటో ఆ ఫోన్లో ఉంది.

"ఫోన్లో మొకం బాగా అగుపడతంది మాస్టారూ. కాగితమ్మీద ఏటీ అగుపడతం లేదు," అన్నాడు.

చూశాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది కదా, ఆ దెబ్బకు వీళ్ళ కొబ్బరితోట సగానికి పైగా నేలకొరిగింది. తరువాత వేసిన మొక్కల్లో ఒకటి మొదటి గెల వేసింది. ఆ గెల మీద చెయ్యి వేసి నాన్న నవ్వుతున్నాడు. అతని వెనుక చెట్ల సందుల్లోంచి సముద్రం మీది తెల్లని ఆకాశం. ఫోన్లో అంతా కనిపిస్తూనే ఉంది. కాగితం మీద మాత్రం ఆకాశం ఉంది, గెల ఉంది, తెల్లచొక్కా ఉంది, చొక్కా పైన నల్లని మచ్చ ఉంది. కాశీబుగ్గలో రెండు చోట్ల ప్రింటు వేయించాడట. రెండూ అంతే. "మా మిషను బాగానే ఉంది, నీ ఫొటోయే నలుపు" అన్నారట స్టూడియోలో. "ఫొటో బాగానే ఉంది, మిషనే పాడు" అని వీడి వాదన.

నిజానికి ఇద్దరి మాటా నిజమే. అదెలాగో చూద్దాం రండి. మీ ఇంట్లోనూ ఇలాంటి ఫొటో ఒకటి ఉండే ఉంటుంది.

ముందు నేను చేసిన పని చెబుతాను. వాణ్ణి వరండా దాటించి సాయంత్రపు ఎండలోకి తీసుకుపోయాను. "ఇప్పుడు ఫొటో చూడు" అన్నాను. చూశాడు. నల్లమచ్చలోంచి కళ్ళు వచ్చాయి, మీసం వచ్చింది, నవ్వు వచ్చింది. ఏ రసాయనమూ కలపలేదు, ఏ మంత్రమూ వెయ్యలేదు. "ఇప్పుడు ఫోను చూడు" అన్నాను. ఎండలో ఫోను తెర మసకబారిపోయి, చెయ్యి అడ్డం పెడితే గాని ఏమీ కనిపించలేదు. గదిలో ఒకటి గెలిచింది, ఎండలో రెండోది గెలిచింది. వాడు కాసేపు ఏమీ మాట్లాడకుండా కాగితాన్నే చూస్తూ నిలబడ్డాడు. నేనూ తొందరపెట్టలేదు.

దీపమూ, కాగితమూ

ఫోను తెర ఒక దీపం. దాని వెలుగు దానిలోంచే వస్తుంది. కాగితానికి సొంత వెలుగు లేదు. తన మీద పడిన వెలుగులో కొంత తిరిగి మన కంటికి పంపుతుంది, అంతే. మంచి తెల్లకాగితం నూటికి 85 పాళ్ళు తిరిగి పంపుతుంది. నల్లసిరా పడినచోట నూటికి ఒకటో రెండో పాళ్ళు. పడేదే తక్కువైతే తిరిగి వచ్చేది ఎక్కడినుంచి వస్తుంది?

కొంచెం లెక్క వేద్దాం. ఒక చోట పడే వెలుగును లక్సుల్లో కొలుస్తారు. ఒక వస్తువు ఎంత ప్రకాశంగా ఉందో చదరపు మీటరుకు ఇన్ని కాండెలాలు అని చెబుతారు. కాగితం ప్రకాశం కావాలంటే దాని మీద పడే లక్సులను 0.85తో హెచ్చవేసి, 3.14తో భాగించండి. నట్టింట్లో 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒకటి వెలుగుతోంది. రెండు మీటర్ల దూరంలో గోడ మీద సుమారు 40 లక్సులు పడుతున్నాయనుకోండి. అక్కడ తెల్లకాగితం ప్రకాశం 11 కాండెలాలు. కిటికీ పక్కన పగటివేళ 500 లక్సులు ఉంటే 135 కాండెలాలు. మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్సులు ఉంటుంది. అందులో కాగితం ప్రకాశం 27,000 కాండెలాలు! మా సాయంత్రపు ఎండ అందులో నాలుగో వంతే అనుకున్నా దాదాపు 6,800.

మరి ఫోనో? మామూలు ఫోను తెర నిండు వెలుగులో 400 నుంచి 600 కాండెలాల ప్రకాశం ఇస్తుంది. అంటే రాత్రి బల్బు కింద కూర్చుని ఫోనునూ ఫొటోనూ పక్కపక్కన పెట్టి పోల్చేవాడు, నలభై రెట్లు ప్రకాశం ఉన్నదానితో కాగితాన్ని పోలుస్తున్నాడన్నమాట. నలభై రెట్లని కన్ను మనకు చెప్పదు. అది వెలుగును లెక్కపెట్టినట్లు కాక, ఇంచుమించు ఘనమూలం తీసినట్లు చూస్తుంది. అందుకే నలభై రెట్లు మనకు మూడు, మూడున్నర రెట్లుగా తోస్తుంది. అయితే మాత్రం, ముఖం మచ్చగా మారడానికి అది చాలు.

పలాసలో జీడిపప్పు గ్రేడింగు చేసే అమ్మలను అడిగి చూడండి. తెల్లపప్పునూ, కాస్త మాడిన పప్పునూ వేరుచెయ్యాలంటే వెలుతురు పడేచోట కూర్చుంటారు గాని చీకటి మూల కూర్చోరు. పప్పు రంగు మారదు, చూసే వెలుగు మారుతుంది. ఫొటోకైనా అంతే.

ఒక నూనెచుక్క ప్రయోగం

తెర వెలుగు ఎంత ఉంచితే కాగితంతో సరిపోతుందో తెలుసుకోవడానికి ఖరీదైన పరికరాలు ఉన్నాయి. మనకు ఒక తెల్లకాగితం, ఒక కొబ్బరినూనె చుక్క చాలు. ఉద్దానంలో కొబ్బరినూనె దొరకని ఇల్లు ఉండదు కదా!

కాగితం మధ్య ఒక చుక్క వేసి, అర్ధరూపాయి బిళ్ళంత వ్యాపించాక గుడ్డతో ఒత్తి తుడిచెయ్యండి. ఫోన్లో ఖాళీ తెల్లబొమ్మ ఒకటి తెర నిండా వచ్చేలా పెట్టండి. వెలుగును తనంతట తానే మార్చుకునే ఏర్పాటును ఆపెయ్యండి. రాత్రిపూట తెరను పసుపుగా చేసే ఏర్పాటు ఉంటే అదీ ఆపండి. తెర మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం పరిచి (ఫోనుకు నూనె అంటితే ఇంట్లో తిట్లు మీకే), దాని మీద నూనెకాగితం పెట్టండి. మీ నీడ దాని మీద పడకుండా పైనుంచి చూడండి.

తెర వెలుగు నిండుగా ఉంటే నూనెమచ్చ చుట్టూ ఉన్న కాగితం కన్నా తెల్లగా మెరుస్తుంది. తెరను బాగా తగ్గిస్తే అదే మచ్చ నల్లగా కనిపిస్తుంది. మధ్యలో ఒకచోట మచ్చ మాయమవుతుంది, లేదా ఉందా లేదా అన్నట్లుంటుంది. అక్కడ ఆగండి. ఆ గదిలో, ఆ వేళలో, మీ ఫోను తెరా తెల్లకాగితమూ సుమారుగా సమానమైన ప్రకాశంతో ఉన్నాయి.

ఎందుకిలా? కాగితం అంటే నారపోగుల అల్లిక, పోగుల మధ్య గాలి. గాలి వక్రీభవన గుణకం 1, నారది సుమారు 1.5. వెలుగు ఒకదానిలోంచి ఇంకోదానిలోకి పోయినప్పుడల్లా చెదిరి, చాలావరకు వెనక్కి వచ్చేస్తుంది. కాగితం తెల్లగా కనిపించేది అందుకే. కొబ్బరినూనె గుణకం 1.45 దరిదాపు. అది గాలిని తోసేసి పోగుల మధ్య చేరితే వెలుగుకు తేడా పెద్దగా తెలియదు, చెదరకుండా దూసుకుపోతుంది. అందువల్ల నూనెమచ్చ పైనుంచి పడే వెలుగును తక్కువగా తిప్పికొడుతుంది, కిందినుంచి వచ్చేదాన్ని ఎక్కువగా పోనిస్తుంది. రెండు వైపులా వెలుగు సమానమైతే ఒక చోట పోయినది ఇంకోచోట వచ్చి, మచ్చకూ కాగితానికీ తేడా ఉండదు. 1840ల్లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ బున్సెన్ దీపాల వెలుగు పోల్చడానికి ఈ ఉపాయమే వాడాడు. మీ ప్రయోగశాలలో బున్సెన్ బర్నరు ఉంటే, ఆయనే ఈయన.

మా బడి గదిలో ఆ సాయంత్రం మచ్చ మాయమయ్యేటప్పటికి ఫోను వెలుగు గీత ఎడమ చివరికి దగ్గరగా వచ్చేసింది. "ఇప్పుడు నాన్న ఫొటో తెరిచి చూడు" అన్నాను. తెర మీద కూడా ముఖం నల్లమచ్చే! స్టూడియో మిషనులో తప్పేమీ లేదని వాడు అప్పుడు ఒప్పుకున్నాడు. ఫొటోగ్రఫీ పనివాళ్ళు కంప్యూటరు తెరను 100 కాండెలాల దరిదాపులకు తగ్గించుకుని పనిచేసేది ఇందుకే. మనం మాత్రం ఫోను కొన్ననాటినుంచి నిండు వెలుగులోనే చూసి, అదే నిజమనుకుంటాం. ఈమధ్య వచ్చే కొన్ని ఫోన్లయితే ఫొటోలో తెల్లని భాగాలను తెర మీద ఇంకా రెచ్చగొట్టి చూపిస్తాయి. ఆ మెరుపు కాగితానికి ఎక్కదు.

ఉప్పుగుట్ట బూడిదరంగు

అయితే తప్పంతా తెరదేనా? కాదు. ఫొటో తీసినప్పుడే సగం నలుపు వచ్చి చేరింది.

టెక్కలి దగ్గర నౌపడ ఉప్పు మడుల్లో ఉప్పుగుట్టలను ఎప్పుడైనా ఫొటో తీశారా? కంటికి మిరుమిట్లు గొలిపే తెలుపు. ఫొటోలో చూస్తే సిమెంటు రంగు. పక్కన నిలబడిన మనిషి బొగ్గు. తేలినీలాపురంలో ఆకాశానికి అభిముఖంగా చెట్టు మీద పెలికాన్‌ను తీసినా అంతే, తెల్లపక్షి నల్లగా వస్తుంది. కారణం ఏమిటంటే, కెమెరాకు ఉప్పు ఏదో, మనిషి ఏదో తెలియదు. తన ముందున్న దృశ్యమంతా కలిపి సగటు తీస్తే ఒక మధ్యరకం బూడిదరంగు రావాలని మాత్రం దానికి నేర్పారు. నూటికి 18 పాళ్ళు వెలుగు తిప్పికొట్టే బూడిదరంగు అని పాతకాలం నుంచీ వస్తున్న లెక్క. దృశ్యంలో తెలుపు ఎక్కువ ఉంటే "అబ్బో, వెలుగెక్కువ" అనుకుని కెమెరా వెలుగును తగ్గిస్తుంది. ఉప్పు బూడిద అవుతుంది, మనిషి చీకటి అవుతాడు. ఇప్పటి ఫోన్లు ముఖాలను గుర్తుపట్టి కొంత సర్దుకుంటున్నాయి గాని, వెనుక సముద్రాకాశం ఉంటే వాటికీ తిప్పలే.

అందుకని కొబ్బరితోటలో ఎవరినైనా తీసేటప్పుడు ఆకాశం వారి వెనుక కాక మీ వెనుక ఉండేలా నిలబడండి. అది కుదరకపోతే తెర మీద ముఖం ఉన్నచోట వేలితో తట్టండి. కెమెరా ముఖాన్ని చూసి లెక్క వేసుకుంటుంది. ఆకాశం వెలవెలబోతే పోనివ్వండి. ఆకాశం రేపూ ఉంటుంది.

సరే, తీసేసిన ఫొటో మాటేమిటి? డిజిటల్ ఫొటో అంటే అంకెల పట్టిక. ఒక్కొక్క చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలు. ఒక్కొక్కటి 0 నుంచి 255 వరకు. 0 అంటే నలుపు, 255 అంటే నిండు వెలుగు. 128 అంటే సగం వెలుగు అనుకుంటున్నారా? కాదు! అంకెను 255తో భాగించి, వచ్చినదాన్ని సుమారు 2.2 ఘాతానికి ఎత్తాలి. 128కి వచ్చేది నూటికి 22 పాళ్ళే. దీన్ని గామా అంటారు. చీకటి భాగాల్లో చిన్న తేడాలను కూడా కన్ను పసిగడుతుంది కాబట్టి ఎక్కువ అంకెలను అక్కడికి కేటాయించారు. మా కుర్రాడి ఫొటోలో వాళ్ళ నాన్న చెంప మీద అంకె 60 దగ్గర ఉంది. లెక్క వేస్తే నూటికి 4 పాళ్ళు. కాగితం మీద నల్లసిరాయే నూటికి ఒకటి రెండు పాళ్ళు తిప్పికొడుతుందని పైన చెప్పాను. ఇక ఆ చెంపకూ నలుపుకూ మిగిలిన తేడా ఎంత?

మెరుపు కాగితం బదులు మెరుపులేని కాగితం వాడితే ఆ తేడా ఇంకా తగ్గుతుంది, దాని నలుపు అంత నలుపు కాదు కాబట్టి. ఇంట్లో ప్రింటరు ఉన్నవాళ్ళు మామూలు కాగితం పెట్టి, కంప్యూటరులో ఫొటో కాగితమని చెబితే సిరా ఎక్కువ పడి, నారల్లోకి పాకి, బొమ్మ మరీ ముద్దవుతుంది. ఏ కాగితం పెట్టారో ఆ పేరే చెప్పండి.

నాలుగు ముక్కల కాగితం

"ఒరే, ఈ ఫొటో ఎవరి ఫోన్లో తీశారు?" అని అడిగాను. అక్క ఫోన్లో. వీడి దగ్గర ఉన్నది వాట్సాప్‌లో వచ్చిన నకలు. వాట్సాప్ మామూలుగా ఫొటోను నొక్కి చిన్నది చేసి పంపుతుంది. అలా నొక్కేటప్పుడు మొదట పోయేది చీకట్లో దాగిన సన్నని వివరాలే. మర్నాడు అక్క ఫోనే తెమ్మన్నాను.

ఫోను వెలుగును నూనెచుక్క చెప్పినచోట ఉంచి దిద్దడం మొదలుపెట్టాం. ఫొటోలు దిద్దే యాప్‌లో బ్రైట్‌నెస్ అనే గీత మొదట కనిపిస్తుంది. అందరూ దాన్నే లాగుతారు. అది అన్ని అంకెలనూ కలిపి పెంచుతుంది. చెంప తెల్లబడేలోగా చొక్కా, ఆకాశం 255 దాటిపోయి సున్నం కొట్టినట్లవుతాయి. షాడోస్ అనేదో, కర్వ్స్ అనేదో వెతకండి. అవి తెలుపును కదపకుండా చీకటినీ, మధ్యరకాన్నీ పైకి లేపుతాయి. పక్కన హిస్టోగ్రాం కనిపిస్తే ఇంకా మంచిది. అది మీ గణితం పుస్తకంలోని సోపాన చిత్రమే. ఎడమ గోడకు ఆనుకుని కొండలా ఉంటే ఫొటో చీకటి. తెర వెలుగు మార్చినా ఈ చిత్రం మారదు, కన్నును మోసగించినట్లు దీన్ని మోసగించలేం.

చెంప అంకెను ఎంతకు లేపాలి? 90కా, 105కా, 120కా? ఇక్కడ నాకు పాతరోజులు గుర్తొచ్చాయి. డిగ్రీ చదివే రోజుల్లో నేను సెలవుల్లో టెక్కలిలో ఒక స్టూడియోకు పోయి కూర్చునేవాణ్ణి. ఎర్రదీపం, హైపో వాసన, తొట్టెలో కాగితం మీద నెమ్మదిగా తేలివచ్చే ముఖం. అక్కడి పెద్దాయన పెద్ద ప్రింటు వేసేముందు ఎప్పుడూ ఒక కాగితం ముక్క తీసుకుని, అట్టముక్కతో కొంచెం కొంచెం కప్పుతూ అయిదు సెకన్లు, పది సెకన్లు, పదిహేను సెకన్లు వెలుగు పడనిచ్చేవాడు. చారలు చారలుగా వచ్చేది. ఏ చార బాగుందో అన్ని సెకన్లు. ఒక ముక్క ఖర్చుతో పెద్దకాగితం మిగిలేది.

అంతకు ముందుతరం వాళ్ళ సంగతి ఇంకా చిత్రం. 1880ల్లో సికింద్రాబాదులో స్టూడియో పెట్టి నిజాం కొలువులో పేరు తెచ్చుకున్న లాలా దీన్‌దయాళ్ రోజుల్లో కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద, ఎండలోనే ప్రింటు వేసేవారు. తరువాత కడిగే రసాయనాల్లో ఆ బొమ్మ కొంత వెలిసిపోతుంది. అందుకని కావాలనే కొంచెం నల్లగా వేసి తీసేవారు. నలుపెక్కిన ప్రింటు వాళ్ళకు తప్పు కాదు, సగంలో ఉన్న పని.

మేము ఆ పెద్దాయన పద్ధతే పట్టుకున్నాం. ఫొటోను నాలుగు నకళ్ళు చేశాం. ఒకటి దిద్దనిది, చెంప 60. మిగిలిన మూడింటిలో 90, 105, 120. నాలుగింటినీ ఒకే నాలుగారు సైజు కాగితంలో ఇమిడేలా పేర్చి, పక్కన 1, 2, 3, 4 అని అంకెలు వేసి, ఇక మిషను తనంతట తాను ఏమీ దిద్దవద్దని చెప్పమని స్టూడియోకు పంపాను. ఒక్క చిన్న ప్రింటు డబ్బులు. ఆ స్టూడియో ఆయన కూడా ఆసక్తిగా నిలబడి చూశాడట.

కాగితం తెచ్చి కిటికీ దగ్గర పెట్టుకున్నాం. ఒకటోది పాత మచ్చే. రెండోదానిలో ముఖం ఉంది గాని దిగులుగా ఉంది. మూడోది నాకు సరిగ్గా ఉందనిపించింది. గెల పచ్చదనం, చొక్కా మడతలు, నవ్వు, అన్నీ దేనిచోట అవి. నాలుగోదానిలో ముఖం మరీ తేటగా ఉంది, నీడల్లో ఇసుక చల్లినట్లు గరుకుగా చుక్కలు కూడా కనిపించాయి. చీకట్లోంచి లాగితే ఆ గరుకు తప్పదు. "మూడోది వేయించు" అన్నాను.

వాడు కాగితం పట్టుకుని కిటికీ దగ్గర్నుంచి గది లోపలి మూలకు పోయాడు. బీరువా పక్కన, వెలుతురు చాలనిచోట నిలబడి చూశాడు. మళ్ళీ వచ్చాడు.

"నాలుగోదే కావాల మాస్టారూ," అన్నాడు. "పటం ఏలాడదీసే కాడ మా ఇంట్లో బలుబు సిన్నది."

నాలుగోదే వేయించాం.